మధ్యాహ్నం కునుకు, పొద్దున నడక: ఏది ఎప్పుడు, ఎంతసేపు

మధ్యాహ్నం రెండున్నర. హైదరాబాద్ మాదాపూర్‌లో ఏ ఆఫీసు అంతస్తు చూసినా ఒకటే దృశ్యం. లంచ్ డబ్బా మూతపెట్టి గంట దాటింది, కళ్లముందు అదే లైను మూడోసారి కదులుతోంది, తలకెక్కడం లేదు. రెప్పలు బరువెక్కాయి. భుక్తాయాసమని కొందరు అన్నం మీద నెపం వేస్తారు. బద్ధకమని కొందరు తమను తామే తిట్టుకుని మూడో టీ తెప్పించుకుంటారు. ఈ నెపాల మధ్య అసలు కారణం పక్కకు పోతుంది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు లోపు మెలకువ కాస్త దిగజారడం శరీర గడియారంలోనే ఉంది. ఆ పూట భోజనం మానేసినా ఈ దిగుడు కనిపిస్తుంది. పళ్లెం నిండా అన్నం దాన్ని పెంచుతుంది. ముందురాత్రి చాలని నిద్ర ఇంకా పెంచుతుంది. పొద్దుటి నుంచి కుర్చీలోంచి లేవకపోవడం మరికాస్త కలుపుతుంది.

దీన్ని దాటడానికి పైసా ఖర్చు లేని దారులు రెండున్నాయి: చిన్న కునుకు, ఒళ్లు కదిలించడం. ఈ ఊళ్లో రెండూ చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. చిక్కల్లా వేళ దగ్గర వస్తోంది. ఆదివారం బిర్యానీ తిని మూడింటికి పడుకుని ఐదున్నరకు లేవడం, రోజూ ఆఫీసు నుంచి వచ్చి రాత్రి పదింటికి జిమ్‌లో బరువులెత్తడం మామూలైపోయింది. అలా వేళ తప్పిన కునుకు, వేళ తప్పిన కసరత్తు రాత్రి నిద్రనే కొరుక్కుతింటాయి. మర్నాడు రెండున్నరకు మళ్లీ అదే బరువు.

నిద్ర ఎక్కడి నుంచి వస్తుంది

నిద్రను రెండు శక్తులు నడుపుతాయని 1982లో జ్యూరిక్ పరిశోధకుడు అలెగ్జాండర్ బోర్బెలీ ప్రతిపాదించారు. ఈనాటికీ నిద్రవైద్యులకు అదే పునాది. మొదటిది నిద్ర ఒత్తిడి. మెలకువగా ఉన్న ప్రతి గంటా మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగుపడుతూ ఉంటుంది, నిద్రపోతే కరుగుతుంది. రెండోది శరీర గడియారం. ఎంత అలసినా ఇది కొన్ని వేళల్లో మెలకువవైపు నెడుతుంది, కొన్ని వేళల్లో వదిలేస్తుంది. మధ్యాహ్నం దాని పట్టు కాసేపు సడలుతుంది. మామూలుగా పడుకునే వేళకు రెండు మూడు గంటల ముందు మాత్రం బాగా బిగుస్తుంది. రేపు పొద్దున్నే ఫ్లైట్ ఉందని ఎనిమిదింటికే పక్క ఎక్కినవాళ్లకు నిద్రపట్టనిది అందుకే.

కునుకు తీస్తే పోగైన ఒత్తిడిలో కొంత కరుగుతుంది, మెదడు తేలికపడుతుంది. ఆ ఒత్తిడే రాత్రి నిద్రకు కూడా పెట్టుబడి. సాయంత్రం ఆరింటికి ప్లేటెడు మిర్చి బజ్జీలు తింటే రాత్రి అన్నం సయించనట్టే, ఆరింటికి గంటసేపు పడుకుంటే పదకొండింటికి నిద్ర రాదు. రాత్రి పదకొండింటికి పడుకునేవాళ్లు మధ్యాహ్నం మూడింటికల్లా కునుకు ముగించాలి. తెల్లవారుజామున నాలుగున్నరకే లేచే పాల బూత్ వాళ్లకు, వంటవాళ్లకు దిగుడు కూడా ముందే వస్తుంది. వాళ్లకు పన్నెండున్నర, ఒంటిగంట సరైన వేళ.

ఎంతసేపు అన్నదానికి లెక్క నిద్ర దశల్లో ఉంది. కన్ను మూతపడ్డాక మొదటి కొన్ని నిమిషాలు పలచని మగత, ఆ తర్వాత తేలిక నిద్ర. ఇరవై, ముప్పై నిమిషాలు దాటాక గాఢనిద్ర మొదలవుతుంది. అందులోంచి అలారం లాగితే తల దిమ్ముగా, నోరు చేదుగా, ఒళ్లు సీసంలా ఉంటుంది. ‘పడుకోకపోయినా బాగుండేది’ అనిపించే ఆ నిద్రమత్తు అరగంట పైగా ఉండొచ్చు. ఆస్ట్రేలియాలోని ఫ్లిండర్స్ యూనివర్సిటీ పరిశోధకులు 2006లో 5, 10, 20, 30 నిమిషాల కునుకులను పోల్చి చూశారు. పది నిమిషాల కునుకు లేచిన వెంటనే పనిచేసింది, రెండు గంటలకు పైగా నిలబడింది. ఇరవై నిమిషాలది లాభం చూపడానికి అరగంట తీసుకుంది. ముప్పై నిమిషాలది ముందు మత్తులో ముంచి తర్వాత తేల్చింది. దూరప్రయాణపు విమానాల పైలట్లకు నాసా 40 నిమిషాల విశ్రాంతి ఇచ్చి చూసినప్పుడు వాళ్లు సగటున 26 నిమిషాలు నిద్రపోయారు. విమానం దిగే వేళకు విశ్రాంతి దొరికిన బృందం చురుగ్గా ఉంది. దొరకని బృందంలో క్షణాల పాటు రెప్పలు వాలిపోవడం నమోదైంది.

రాత్రి నాలుగు గంటలే పడుకున్నవాళ్లు త్వరగా గాఢనిద్రలోకి జారిపోతారు, కాబట్టి అలాంటి రోజు అలారం ఇంకా తక్కువ నిమిషాలకే పెట్టాలి. లేదా సెలవురోజైతే నిద్ర దశలన్నీ ఒక చుట్టు పూర్తయ్యేదాకా, అంటే సుమారు తొంభై నిమిషాలు, పడుకోవాలి. ఒంటిగంటకు పడుకుంటే రెండున్నరకు లేవొచ్చు. ఈ రెండింటికీ మధ్యలో పడే నలభై ఐదు నిమిషాల నుంచి గంట నిద్ర అన్నిటికంటే నష్టం. ఇళ్లలో ఎక్కువమంది తీసేది సరిగ్గా ఆ గంటే.

ఆఫీసు కుర్చీలో కునుకు

మంచం దొరికితే సమస్యే లేదు. అలారం పాతిక నిమిషాలకు పెట్టాలి: నిద్రపట్టడానికి ఓ పది, నిద్రకు ఓ పదిహేను. మంచం లేనివాళ్లు టేబుల్ మీద చేతులు మడిచి తల వాలుస్తారు. పది నిమిషాలకే వేళ్లు తిమ్మిరెక్కుతాయి, ఎందుకంటే మోచేతి దగ్గరి నరం నలుగుతుంది. పొట్ట నొక్కుకుపోయి పుల్లటి తేన్పులు వస్తాయి. మెడ ఓ పక్కకు తిరిగి పట్టేస్తుంది. దానికంటే కుర్చీ వీపును వీలైనంత వెనక్కి వాల్చి, పాదాలు నేలకు లేదా చిన్న అట్టపెట్టెకు ఆనించి, చున్నీ కానీ స్వెటర్ కానీ గుండ్రంగా చుట్టి మెడ వంపులో పెట్టుకోవడం మేలు. కుర్చీ వాలకపోతే ల్యాప్‌టాప్ తీసేసిన బ్యాగును టేబుల్ మీద నిలబెట్టి దాని మీద నుదురు ఆనించాలి. తల ఎత్తుగా ఉంటుంది కాబట్టి పొట్ట నలగదు, చేతులు ఒడిలో పెట్టుకోవచ్చు. నిద్రలో ఒంటి వేడి తగ్గుతుంది, ఏసీ చల్లదనం మధ్యలోనే లేపేస్తుంది, కాబట్టి పైన ఓ పలచటి శాలువా ఉండాలి. కళ్లమీద జేబురుమాలు చాలు. ఫోన్ వైబ్రేషన్‌లో పెట్టి చొక్కా జేబులో వేసుకుంటే పక్కసీటువాళ్లకు ఇబ్బంది లేదు.

నిద్ర పట్టకపోతే? కళ్లు మూసుకుని కదలకుండా ఉన్న పది నిమిషాలు కూడా కొంత తెరిపినిస్తాయి. అలారం మోగగానే లేవాలి, ‘ఇంకో పది నిమిషాలు’ అని మాత్రం పొడిగించొద్దు. కాళ్లమీద నిలబడి, చన్నీళ్లతో మొహం కడుక్కుని, కిటికీ దగ్గర వెలుతురులో రెండు నిమిషాలు నడవాలి. లేచాక మొదటి పావుగంట ముఖ్యమైన కాల్ పెట్టుకోవద్దు, బండి తీయొద్దు.

ఎక్కడ కూర్చుంటే అక్కడ రెండు నిమిషాల్లో నిద్రపట్టడాన్ని చాలామంది వరంగా చెప్పుకుంటారు. నాగోల్‌లో మెట్రో ఎక్కి ఉప్పల్ రాకముందే తల వాలిపోతోందంటే అది రాత్రి నిద్ర బాగా బాకీ పడిందన్న సంకేతం. ‘ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు’ అన్న సామెతలోని నిద్ర అలాంటి బాకీ నిద్రే. దానికి మందు రాత్రి ముప్పావుగంట ముందు పడుకోవడం. కునుకు ఆ రోజుకు ఆసరా ఇస్తుంది, వారాల బాకీని తీర్చలేదు. రాత్రి పక్కమీద గంటలు దొర్లేవాళ్లయితే పగటి కునుకును పూర్తిగా మానేయాలి. వాళ్లకు ఆ ఒత్తిడంతా రాత్రికే కావాలి. ఆయుర్వేదం ఆరోగ్యవంతులకు పగటి నిద్రను ఎండాకాలంలోనే ఒప్పుకుంది, మిగతా రుతువుల్లో వారించింది. రాత్రులు చిన్నవై, ఉక్కపోతలో నిద్ర తెగిపోయే మే నెల హైదరాబాద్‌లో ఆ మినహాయింపు విలువ ఇట్టే తెలుస్తుంది.

టీ, కాఫీల లెక్క

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో టీ, కాఫీల లెక్క స్పష్టంగా ఉంది. 150 మిల్లీలీటర్ల డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల కెఫీన్, ఇన్‌స్టెంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65. రోజుకు 300 దాటొద్దు. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీలు వద్దు. వాటిలోని టానిన్లు ఇనుమును పట్టేసి ఒంటికి అందనివ్వవు. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. నీరసానికి ఓ పెద్ద కారణం రక్తహీనత. అన్నం తిన్న వెంటనే నీరసం పోవాలని తాగే టీ ఆ నీరసానికి వేరు దగ్గర నీళ్లు పోస్తోంది.

కెఫీన్ అడినోసిన్ కూర్చునే చోట తాను కూర్చుని దాని మాట మెదడుకు వినబడనివ్వదు. తాగాక ఇరవై, ముప్పై నిమిషాలకు పట్టు చూపుతుంది. కాబట్టి కాఫీ తాగి వెంటనే కునుకు తీస్తే, లేచే వేళకు రెండూ కలిసొస్తాయి. ఇంగ్లండ్‌లోని లఫ్‌బరో యూనివర్సిటీలో 1990లలో డ్రైవింగ్ సిమ్యులేటర్ మీద చేసిన ప్రయోగంలో విడి కాఫీ, విడి కునుకు కంటే ఈ జోడీ బాగా పనిచేసింది. ఇనుము సంగతి కూడా చూసుకోవాలి కాబట్టి వరస ఇలా కుదురుతుంది: ఒంటిగంటకు భోజనం ముగించి, రెండింటికి చిన్న కప్పు కాఫీ గబగబా తాగి, రెండూ ఐదుకు కళ్లు మూసి, రెండున్నరకు లేవడం. ఆ తర్వాత ఆ రోజుకు కాఫీ లేదు. కెఫీన్‌లో సగం కరగడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. ఐదింటికి తాగిన ఇరానీ చాయ్ రాత్రి పదింటికి కూడా సగం ఒంట్లోనే ఉంటుంది.

ఒళ్లు కదిలితే ఓపిక ఎందుకు పెరుగుతుంది

ఉన్న ఓపికే అంతంతమాత్రం, దాన్ని నడకకు ఖర్చుపెడితే ఇంకేం మిగులుతుందని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. వారాల తరబడి నడిస్తే కండరాల కణాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా పెరుగుతాయి, గుండె ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తం పంపుతుంది. నిన్నటిదాకా ఆయాసం తెప్పించిన మూడంతస్తుల మెట్లు సామర్థ్యంలో చిన్న వాటా అయిపోతాయి. అందుకే సాయంత్రానికి ఓపిక మిగులుతుంది. అమెరికాలోని జార్జియా యూనివర్సిటీ 2008లో, ఎప్పుడూ నీరసంగా ఉండి కసరత్తు చేయని యువతతో వారానికి మూడు రోజులు, ఇరవై నిమిషాల చొప్పున ఆరు వారాలు సైకిల్ తొక్కించింది. తేలిగ్గా తొక్కినవాళ్లకీ, ఓ మోస్తరుగా తొక్కినవాళ్లకీ ఉత్సాహం పెరిగింది. అలసట తగ్గడంలో మాత్రం తేలిగ్గా తొక్కినవాళ్లే ముందున్నారు.

జనవరి ఒకటిన జిమ్‌లో చేరి మొదటిరోజే గంటన్నర బరువులెత్తేవాళ్లు ఈ మాట వినాలి. అలవాటు లేని కండరాల నొప్పి వెంటనే రాదు. ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదురుతుంది. మూడోరోజు మెట్లు దిగలేక జిమ్ మానేస్తారు. మొదటి రెండు వారాలు ఇరవై నిమిషాల నడక చాలు. వేగం కొలవడానికి వాచీ చాలు: పదిహేను సెకన్లలో పాతిక అడుగులు, అంటే నిమిషానికి వంద. ఆ వేగంలో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. ఆపై మెల్లగా పెంచుకుంటూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన కొలతకు చేరాలి: వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, వారంలో రెండు రోజులు కండరాలకు పని. రెండోదానికి పరికరాలక్కర్లేదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులు పెట్టి పది దండీలు, నీళ్ల బకెట్ ఒక్కో చేత్తో ఎత్తి ఇరవై అడుగులు నడవడం, ఇవన్నీ రెండు మూడు విడతలు చేస్తే చాలు.

పొద్దుటి నడకకు అదనపు లాభం వెలుతురు. ఉదయపు ఎండ కంట్లో పడితే గడియారం ముందుకు జరుగుతుంది, ఆ రాత్రి నిద్ర త్వరగా వస్తుంది. కేబీఆర్ పార్కు బయటి దారి, ఇందిరా పార్కు, కొండాపూర్ బొటానికల్ గార్డెన్, ఓయూ క్యాంపస్ దీనికి మంచి చోట్లు. సైకిలున్నవాళ్లకు ఔటర్ రింగ్ రోడ్డు వెంట 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు ట్రాక్ ఉంది. మే చివర్లో సూర్యోదయం ఐదూ ముప్పావు దగ్గర, జనవరిలో ఆరూ ముప్పావు దగ్గర. ఎండాకాలం ఏడింటికల్లా నడక ముగించాలి. చలికాలం తెల్లవారుజామున పొగ నేలకు దగ్గరగా నిలిచిపోతుంది కాబట్టి ఉబ్బసం ఉన్నవాళ్లు కాస్త ఎండెక్కాకే బయల్దేరాలి. రాత్రి పన్నెండున్నరకు పడుకుని, నడకకోసం నాలుగూ ముప్పావుకు అలారం పెట్టుకోవడం మాత్రం తప్పుడు బేరం. నిద్రలోంచి గంటన్నర కోసి నడకకిస్తే ఆ రోజుకు నష్టమే మిగులుతుంది. అలాంటివాళ్లకు మధ్యాహ్నపు నడకే దారి.

భోంచేసి నూరడుగులు వేయమని పెద్దలు చెప్పేది. నిమిషానికి వంద చొప్పున అది ఒక్క నిమిషం నడక. దాన్ని పదింతలు చేసి, తిన్న అరగంటలోపు పది, పదిహేను నిమిషాలు నడిస్తే కండరాలు రక్తంలోని చక్కెరను లాగేసుకుంటాయి. అన్నం తర్వాత చక్కెర ఎగిసి పడిపోయే ఊపు తగ్గుతుంది. ఎండలో బయటికి వెళ్లక్కర్లేదు, ఆఫీసు కారిడార్ సరిపోతుంది. ఓ పిడికెడు అన్నం తగ్గించి కూర, పప్పు ముందు తిని అన్నం చివర్లో తింటే ఇంకా మంచిది.

నాలుగింటి తర్వాత మగత వస్తే కునుకు వేళ దాటిపోయినట్టే. అప్పుడు మెట్లు ఎక్కాలి. జార్జియా యూనివర్సిటీలోనే 2017లో, నిద్ర చాలని యువతులతో పది నిమిషాలు మామూలు వేగంతో మెట్లు ఎక్కి దిగించారు. వెంటనే వచ్చిన ఉత్సాహం 50 మిల్లీగ్రాముల కెఫీన్ ఇచ్చినదానికంటే కాస్త ఎక్కువే. ఆ ఉత్సాహం కొద్దిసేపే ఉంటుంది, కానీ రాత్రి నిద్రను చెడగొట్టదు. మోకాళ్లు నొప్పి ఉన్నవాళ్లు మెట్లు ఎక్కి, దిగేటప్పుడు లిఫ్ట్‌లో రావాలి. మోకాలి చిప్ప మీద బరువు దిగేటప్పుడే ఎక్కువ పడుతుంది. జిమ్ రాత్రికే కుదిరేవాళ్లు కఠినమైన కసరత్తును పడుకోవడానికి కనీసం గంటన్నర ముందు ముగించాలి. ఇల్లు చేరేసరికే తొమ్మిదైతే భోజనం తర్వాత మెల్లని నడకతో సరిపెట్టుకోవాలి.

ఏడెనిమిది గంటలు పడుకున్నా పగలు తూలుతుంటే కునుకులు పెంచుకుంటూ పోవద్దు. గట్టి గురక, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం, పొద్దున తలనొప్పి ఉంటే అది స్లీప్ ఆప్నియా కావచ్చు. 1991లో వైద్యుడు ముర్రే జాన్స్ రూపొందించిన ఎప్‌వర్త్ స్కేలు ఎనిమిది సందర్భాల్లో కునుకుపాటు వచ్చే అవకాశానికి సున్నా నుంచి మూడు మార్కులు వేయిస్తుంది. మొత్తం పది దాటితే డాక్టర్ని కలవాలి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, బీ12 పరీక్షలు చేయిస్తే నీరసానికి మామూలు కారణాలు చాలావరకు బయటపడతాయి. ఇన్సులిన్ వాడేవాళ్లు, గుండెజబ్బు ఉన్నవాళ్లు కసరత్తు మొదలుపెట్టే ముందే డాక్టర్‌తో మాట్లాడాలి.

రాత్రి డ్యూటీ వాళ్లకు

సాయంత్రం ఆరున్నర నుంచి తెల్లవారుజామున మూడున్నర దాకా పనిచేసేవాళ్లకు పై వేళలేవీ సరిపోవు. వాళ్లకు మొదటి కునుకు డ్యూటీకి ముందే, మధ్యాహ్నం మూడున్నర నుంచి ఐదు దాకా, పూర్తి తొంభై నిమిషాలు. రెండోది భోజన విరామంలో, రాత్రి ఒంటిగంట ప్రాంతంలో పదిహేను, ఇరవై నిమిషాలు. తెల్లవారుజామున మూడు నుంచి ఐదు మధ్య శరీర గడియారం అట్టడుగుకు వెళ్తుంది, దానికి ముందే ఒత్తిడి కాస్త దించుకోవాలి. కాఫీ షిఫ్టు మొదటి సగంలోనే. కసరత్తు ఇల్లు చేరగానే చేయొద్దు, మధ్యాహ్నం నిద్రలేచాక చేయాలి. పడకగదికి మందపాటి ముదురురంగు తెరలు కావాలి. ఇంట్లోవాళ్లు ఆ గంటల్లో కాలింగ్ బెల్ ఆపేసినా పెద్ద సాయమే.

అన్నిటికంటే ప్రమాదం తిరుగు ప్రయాణం. యాభై కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు దాదాపు పద్నాలుగు మీటర్లు పోతుంది. మూడు సెకన్లు రెప్ప వాలితే నలభై మీటర్లకు పైగా రోడ్డును ఎవరూ చూడనట్టే. వరసగా ఆవలింతలు, ఇప్పుడే దాటిన సిగ్నల్ గుర్తులేకపోవడం, మెడ ఒక్కసారి జారడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా బండి ఆపేయాలి. మొహం మీద చల్లగాలి, పాటల చప్పుడు ఆ నిద్రను ఆపలేవు. బయల్దేరే ముందే ఆఫీసులో పావుగంట పడుకుని, లేచాక ఇంకో పావుగంట ఆగి బండి తీయాలి, లేదా క్యాబ్‌లో వెళ్లాలి. కారున్నవాళ్లు బేస్‌మెంట్ పార్కింగ్‌లో అద్దాలు ఎక్కించి, ఇంజిన్, ఏసీ నడుస్తుండగా పడుకోవద్దు. గాలి ఆడని చోట కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది, దానికి వాసన ఉండదు. కునుకు తీయాలంటే ఇంజిన్ ఆపి, అద్దాలు నాలుగు వేళ్లంత దించి, వెలుతురున్న బయటి చోట కారు నిలపాలి.